కోదండమెక్కిన బాలుడు

కోదండమనగా మనకు మొదట స్ఫురించునది శ్రీరామచంద్రుని విల్లు. కాని వీథిబడులలో చదివిన తరములవారికి ఆ మాటకు వేఱొక యర్థము గూడ తెలియును. ఇంటి దూలమునకు కట్టిన త్రాటిని రెండు చేతులతో పట్టించి, కాళ్లు నేలకానకుండ పిల్లవానిని వ్రేలాడదీయుటయే ఆ కోదండము. గోడకుర్చీ, గుంజీలు, తొడపాశము, బడి యెగవేసి పాఱిపోవువాని కాలికి తగిలించు బొండకొయ్య దానికి తోబుట్టువులు. ఇట్టి బడికి ఉదాహరణగా చిట్యాలను తీసికొందము; నేడు జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోనున్న ఆ యూరు ఆనాడు నైజాము సీమ. సర్కారుబడి చదువు ఉర్దూలో సాగుచుండగా, తెలుగక్షరము కావలెనన్నవారికి ఖానిగీ (ప్రైవేటు) బడి పంతులే దిక్కు. ఆ పంతులు చేతి బెత్తము ఎక్కువగా ఎవని వీపు వెదకుకొనుచు పోయెడిదో విచారింపవలసియున్నది.

1823వ సంవత్సరమున బళ్ళారి కలెక్టరు ఏ. డి. క్యాంబెల్, మద్రాసు గవర్నరు థామస్ మన్రో కోరిన మీదట, తన జిల్లాలోని దేశీయ పాఠశాలలను గూర్చి యొక నివేదిక పంపెను. బళ్ళారి కంపెనీ సీమయైనను, తెలుగుబడి తీరునకు ఆ సరిహద్దు పెద్ద యడ్డు కాలేదు. ఆయన లెక్కకు వచ్చిన బడులు 533, విద్యార్థులు 6,641 మంది. అనగా బడికి సుమారు పండ్రెండుగురు. హిందూ విద్యార్థులలో ఆడపిల్లలు 60 మంది మాత్రమే. వేకువనే బడికి అందఱికన్న ముందు వచ్చినవాని అరచేత సరస్వతీ నామము వ్రాయుదురనియు, రెండవవాని చేత సున్న చుట్టుదురనియు, మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, అటుపై వచ్చినవానికెల్ల ఒక్కొక్కటి యధికముగా పడుననియు, సోమరియైన బాలుని చేతులు కట్టి కప్పునకు వ్రేలాడదీయుదురనియు ఆయన వ్రాసెను. మన పెద్దలు శ్రీ, చుక్క, ఒకటి, రెండు అని చెప్పుకొనెడి వరుస ఇదియే.

ఈ నివేదిక చదువునప్పుడెల్ల నా దృష్టి ఆ వరుస కడపట నిలిచిన పిల్లవానిపైననే నిలుచును. ప్రతిదినమును కడపటనే వచ్చువాడొకడు ఉండితీరును గదా! ఇల్లు వెడలునప్పుడు బడికేయని వెడలినవాడే, త్రోవలో చింతచెట్టుపై ఉడుత కనబడగా పలకను మఱచి, ఉడుతను మఱచి, దెబ్బ పడినప్పుడు మాత్రము బడిని జ్ఞప్తికి తెచ్చుకొనువాడు. వానికి క్యాంబెల్ నివేదికలో ఉన్న పేరు సోమరి. మన పల్లెలలో కుదురులేనివాడు, ఆగమాగము చేయువాడు. ఈ రెంటిలో పల్లెమాటయే సత్యమునకు దగ్గఱయని నా నమ్మకము. ఏలయన వానికి పని చేయు నిచ్ఛ గలదు, నిలుచు కుదురు మాత్రమే లేదు.

అయినను ఆ వీథిబడిని కేవలము హింసాశాలయని త్రోసివేయుట న్యాయము గాదు. ఇసుకలో వ్రేలితో అక్షరము దిద్దుట, ఊగుచు ఎలుగెత్తి ఎక్కములు వల్లించుట, పెద్దపిల్లలు చిన్నవారి ప్రక్కన కూర్చుండి చెప్పుట, పండ్రెండుగురిలో ఏ యొక్కని చూపు తప్పినను పంతులు కనిపెట్టగలుగుట: ఇవన్నియు దేహము కదలనిదే మనస్సు నిలువని బాలునకు అక్కఱకు వచ్చునవే. చేతులు కట్టుకొని బల్లపై మౌనముగా కూర్చుండుటయే చదువనెడి భావము తరువాత వచ్చినది. దూలము పోయినందుకు సంతోషింపవలసినదే. దానితోపాటు ఇసుకయు పోయెనుగదా యని నా విచారము.

ఆ కుదురులేమికి వైద్యశాస్త్రమున చోటు దొరకుట ఆలస్యమయ్యెను. 1902లో లండనునందు జార్జి స్టిల్ తన ఉపన్యాసములలో ఇట్టి పిల్లల లక్షణములను వర్ణించెను. అమెరికా వైద్యుల వ్యాధి పట్టికలో 1980లో అవధానలోపమను పేరును, 1987లో నేటి ఏ.డి.హెచ్.డి. (అవధానలోపముతోడి అతిచాంచల్యము) యను పేరును చేరినవి.

బడి మానిన వాని గతి యేమి? నాటి పల్లెలో పసులు కాచుట, దొరయింట జీతముండుట, బండి తోలుట. జీతగాని బ్రదుకు చల్లని నీడయని చెప్పు దుర్మార్గమునకు నేను పూనుకొనను. కాని ఆ పనులలో వాని కాలు నిలువలేదని తప్పుపట్టువారు లేరు. నేటి చిట్యాల యువకునకో, పదవతరగతి, ఇంటరు, డిగ్రీ దాటినగాని ద్వారములు తెఱవబడవు. భూపాలపల్లిలో సింగరేణి గనులును, చెల్పూరులో విద్యుత్కేంద్రమును అదే జిల్లాలోనున్నను, ఉద్యోగమునకు నడుమ పరీక్ష యున్నది. బాల్యమున ఈ లక్షణములున్నవారిని యౌవనము దాటువఱకు కనిపెట్టిన పరిశోధనలు చెప్పునదియు ఈ గడపలను గూర్చియే. న్యూయార్కులో 1970 దశకమున ఈ లక్షణములకై వైద్యులకు చూపించుకొన్న బాలురను నలువదియొకటవ ఏట మరల పరీక్షించి 2012లో ప్రకటించిన ఫలితములలో, వారి చదువు ఇతరులకన్న సగటున రెండున్నర సంవత్సరములు తక్కువగా తేలినది. వయస్సుతో కాళ్ల పరుగు తగ్గును. ఆరంభించినది ముగింపలేకపోవుట, గడువు మఱచుట, చేతి డబ్బు నిలువకపోవుట మాత్రము చాలమందిని వెంటాడును. 579 మంది పిల్లలను దీర్ఘకాలము అనుసరించిన మఱొక అమెరికా పరిశోధనలో, పెక్కుమందికి ఆ లక్షణములు ఒక యేట తగ్గి మఱొక యేట తిరిగి వచ్చుచుండినవి. ఆ మంచి యేడు చూచిన తల్లిదండ్రులు, చెడ్డయేట వానిని బుద్ధిపూర్వకముగా చెడుచున్నాడని నిందింతురు. రాత్రింబవళ్లు వినబడు ఆ నింద కోదండముకన్న తేలికయని నేననజాలను.

2009 నాటి విద్యాహక్కు చట్టపు 17వ విభాగము బడిలో శారీరక దండనమును, మానసిక వేధింపును నిషేధించినది; 2010 ఏప్రిల్ 1 నుండి అది యమలులోనున్నది. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాలస్వాస్థ్య కార్యక్రమమున అంగనవాడులకును, సర్కారుబడులకును వచ్చు వైద్యబృందము చూడవలసిన జాబితాలో ఏ.డి.హెచ్.డి. గూడ నున్నది. ఆ పరీక్ష పదునెనిమిదేండ్లతో ముగియును. ఆ యేడే పిల్లవాడు ఇంటరు ముగించియో, ముగింపకయో, చిట్యాల బస్సెక్కి వరంగల్లుకో హైదరాబాదుకో బయలుదేఱును. వేళకు లేపు తల్లియు, పుస్తకము వెదకియిచ్చు చెల్లెలును ఇంటనే నిలిచిపోవుదురు.