పాత వీడియో గేమ్‌కు ఫ్లాష్ కార్ట్రిడ్జ్: కొనేముందు తెలుసుకోవలసినవి

దొడ్డబళ్ళాపురం మొదలుకొని గౌరీబిదనూరు, హిందూపురం దాకా గల ఊళ్ళలో 1990లలో బాల్యం గడిపినవారికి టీవీకి తగిలించి ఆడే వీడియో గేమ్ కొత్త కాదు. అందులో పెట్టే ప్లాస్టిక్ బిళ్ళ అసలు పేరు కార్ట్రిడ్జ్. మనవారు దానిని క్యాసెట్ అన్నారు. అటకపైనున్న ఆ యంత్రాన్ని పిల్లల కోసం మళ్ళీ దించదలచినవారికి నేడు ఫ్లాష్ కార్ట్రిడ్జ్ అనే సాధనం లభిస్తున్నది. మేలురకానికి పదివేల రూపాయలకు మించి ఖర్చు కావచ్చు. అందువల్ల కొనుటకు ముందే తమ యంత్రమేదో తెలుసుకొనుట అవసరం.

పనిచేసే విధానం

మగ్గం తెలిసినవారికి ఇది సులభంగా బోధపడుతుంది. జకార్డు అట్టలు మార్చితే అదే మగ్గంపై వేరొక డిజైను వస్తుంది. అట్లే క్యాసెట్ మార్చితే అదే యంత్రంపై వేరొక ఆట వస్తుంది. ఎలక్ట్రానిక్ జకార్డులో అట్టలకు బదులు డిజైను ఫైలును ఎక్కిస్తారు. ఫ్లాష్ కార్ట్రిడ్జ్ సరిగ్గా అటువంటిదే. లోపల ఎస్‌డీ కార్డు ఉంటుంది, అందులోని ఆట ఫైలును యంత్రం పాత క్యాసెట్‌గానే భావించి చదువుతుంది. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం 40 కిలోబైట్లు మాత్రమే. నేటి ఫోను తీసే ఒక్క ఫొటో అంతకంటే ఎన్నో రెట్లు పెద్దది.

లక్షల ఆటలున్నట్లు పైన అంకెలు ముద్రించిన పాత క్యాసెట్లు వేరు. వాటిలో కొద్ది ఆటలే పేర్లు మారి మళ్ళీ మళ్ళీ వచ్చేవి, కొత్తవి చేర్చే వీలు లేదు.

అసలు యంత్రమా, నకలు యంత్రమా?

నింటెండో సంస్థ 1983లో జపానులో ఫ్యామిలీ కంప్యూటర్‌ను విడుదల చేసింది. దాని క్యాసెట్‌కు 60 పిన్నులు. 1985లో అమెరికాకు వెళ్ళిన ఎన్.ఇ.ఎస్. యంత్రానికి 72 పిన్నులు. మన దేశంలో లిటిల్ మాస్టర్, మీడియా వంటి పేర్లతో అమ్ముడైనవి దానికి నకళ్ళు. వీటిలో ఎక్కువ 60 పిన్నులవే. ఎవర్‌డ్రైవ్ వంటి ఫ్లాష్ కార్ట్రిడ్జ్‌లు రెండు కొలతలలోనూ దొరుకుతాయి. అయితే అసలు యంత్రానికై రూపొందినది నకలు యంత్రంలో సరిగా పనిచేయకపోవచ్చు. బొమ్మ చెదరుట, శబ్దం మారుట, కొన్ని ఆటలు మొదలు కాకపోవుట కనబడతాయి. బెంగళూరు ఎస్.పి. రోడ్డులో గానీ మరెక్కడ గానీ కొనేటప్పుడు యంత్రాన్ని వెంట తీసుకువెళ్ళి ఆడించి చూచుట మేలు.

వాడే పద్ధతి

1. ఎస్‌డీ కార్డును కంప్యూటర్‌లో ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేయాలి.
2. తయారీదారు ఇచ్చిన సిస్టమ్ ఫోల్డరును, తరువాత ఆట ఫైళ్ళను కాపీ చేయాలి.
3. స్విచ్ ఆపియున్నప్పుడే కార్ట్రిడ్జ్‌ను పెట్టాలి, తీయాలి.
4. స్విచ్ వేయగా వచ్చే పట్టికలో ఆటను ఎంచుకోవాలి.
5. కొన్ని రకాలలో ఆట ఎంతవరకు వచ్చినదీ నిలవాలంటే స్విచ్ ఆపేముందు రీసెట్ నొక్కాలి.

అడాప్టరును యంత్రంపై వ్రాసిన వోల్టేజీ, ధన ఋణ గుర్తులతో పోల్చిన తరువాతే తగిలించవలెను. జపాను యంత్రానికి డీసీ, అమెరికా యంత్రంతో వచ్చినది ఏసీ. ఆ ఏసీ అడాప్టరును జపాను యంత్రానికి పెడితే యంత్రం కాలిపోవచ్చు. అతి చౌక కార్ట్రిడ్జ్‌లలో కొన్ని 3.3 వోల్టుల చిప్‌లను 5 వోల్టుల యంత్రానికి నేరుగా కలుపుతాయి. అవి యంత్రానికీ మంచివి కావు.

చట్టం మాట

ఆట పాతబడినంత మాత్రాన హక్కు పోదు. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ప్రకారం, చట్టబద్ధంగా తన వద్దనున్న ప్రోగ్రామ్‌కు నష్టం నుండి రక్షణకై తాత్కాలిక నకలు తీసుకొనవచ్చు. దొంగ నకలని తెలిసి వాడితే 63బి సెక్షన్ కింద ఏడు రోజుల నుండి మూడేళ్ళ వరకు జైలు, 50 వేల నుండి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. లాభాపేక్ష లేనిచోట, తగిన ప్రత్యేక కారణాలుంటే, న్యాయస్థానం జైలుశిక్షను మినహాయించవచ్చు. ఈ యంత్రాలకు కొత్తగా ఆటలు వ్రాసి ఫైలుగా అమ్మేవారున్నారు. 2019లో వచ్చిన మైక్రో మేజెస్ అటువంటిదే. పిల్లలకు అవి ఇచ్చుట నిశ్చింత.

నకలు యంత్రమే ఉన్నవారు ముందుగా పాత క్యాసెట్ల పిన్నులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదిపుల్లతో తుడిచి, ఆరిన తరువాత ఆడించి చూడవలెను. నోటితో ఊదరాదు, ఆ తేమకు పిన్నులు చెడతాయి. పాత క్యాసెట్ ఆడితే ఫ్లాష్ కార్ట్రిడ్జ్ అవసరమే రాకపోవచ్చు.