పురసవాక్కం మరిచిపోయిన రఘుపతి ప్రకాష్



మన పురసవాక్కంలో రాక్సీ టాకీసు ఉండేదని మా ఈడువాళ్ళందరికీ తెలుసు. దాని పాత పేరు గ్లోబ్. కట్టించింది మన తెలుగువాడు, బందరులో పుట్టిన రఘుపతి వెంకయ్య నాయుడుగారు. మౌంట్ రోడ్డు గెయిటీ, మింట్ వీధి క్రౌన్ కూడా ఆయనవే. ఆయన పేరిట ప్రభుత్వం అవార్డు ఇస్తోంది కాబట్టి ఆయన్ని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. నేను చెప్పాలనుకున్నది ఆయన కొడుకు సంగతి.

కొడుకు పేరు సూర్యప్రకాష్. ఆ రోజుల్లోనే సినిమా పని నేర్చుకోమని తండ్రి ఆయన్ని ఇంగ్లండు పంపించారు. తిరిగొచ్చాక తండ్రీకొడుకులు స్టార్ ఆఫ్ ది ఈస్ట్ అని కంపెనీ పెట్టి, మద్రాసులో అద్దాల స్టూడియో కట్టారు. అద్దాలు ఎందుకంటే, అప్పుడు షూటింగుకి ఎండే దీపం. మబ్బు పడితే పని ఆగినట్టే. 1921లో అక్కడి నుంచి వచ్చిందే 'భీష్మ ప్రతిజ్ఞ'. డైరెక్షనూ, భీష్ముడి వేషమూ రెండూ ప్రకాష్‌వే. డబ్బు, ధైర్యం తండ్రివి. చేతిపని కొడుకుది. పుస్తకాల్లో మాత్రం కొడుక్కి ఒక వాక్యం దక్కుతుంది, అంతే.

నేను చదివింది తమిళ బడిలో. మిల్లర్స్ రోడ్డులో స్టూడియో పెట్టి 'కీచకవధం' తీసిన నటరాజ మొదలియార్ పేరు అక్కడ విన్నాను. అదీ మన పేటే కదా! ప్రకాష్ పేరు ఎవరూ చెప్పలేదు. అసలు మూగ సినిమాకి భాష ఏముంది? బొమ్మల మధ్య అట్టల మీద రాత ఉంటుంది, హాల్లో ఒకాయన గట్టిగా చదివి చెప్తాడు. ఇది తెలుగుది, అది తమిళందని మనం పంచుకున్నది తర్వాతే.

ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళలో సి. పుల్లయ్యగారు ఒకరు. 1934లో 'లవకుశ' తీసిన పుల్లయ్యగారే. శిష్యుడికి ఊరూరా జనం బళ్ళు కట్టుకొని వచ్చారు. గురువేమో టాకీలు వచ్చాక తమిళంలో, తెలుగులో ఎవరు పిలిస్తే వాళ్ళకి సినిమాలు తీస్తూ పోయారు. 1940లో తెలుగు 'చండిక' ఆయనదే. 1956లో పోయారు.

ఆయన మూగ చిత్రాలు ఇప్పుడు చూద్దామన్నా లేవు. ఆ కాలపు ఫిల్ము తొందరగా అంటుకునేది, పాడయ్యేది. అందులో వెండి ఉంటుంది కాబట్టి కరిగించి అమ్ముకునేవారు కూడా. దక్షిణాది మూగ సినిమాల్లో నిండుగా మిగిలింది మలయాళపు 'మార్తాండవర్మ' ఒక్కటే. గ్లోబ్ ఉన్నచోట కూడా ఇవాళ సినిమా ఆడటం లేదు.