టంకశాల తప్పా, తర్వాత తగిలిన దెబ్బా?

కోల్‌కతాలో ఖిదిర్‌పూర్ నుంచి దక్షిణంగా సాగే డైమండ్ హార్బర్ రోడ్డు ఏక్‌బాల్‌పూర్, మాజేర్‌హాట్ మీదుగా తారాతలా ప్రాంతంలోని అలీపూర్ టంకశాల వైపు వెళ్తుంది. 1952 మార్చి 19న అప్పటి ఆర్థికమంత్రి సి.డి. దేశ్‌ముఖ్ ప్రారంభించిన ఈ టంకశాల తన నాణేలపై ఏ గుర్తూ వేయదు. హైదరాబాద్ నాణేలపై సంవత్సరం కింద నక్షత్రం, నోయిడావాటిపై చుక్క, ముంబయివాటిపై ఎక్కువగా వజ్రం ఆకారం కనిపిస్తాయి. ఇది తెలియనివారికి మామూలు కోల్‌కతా రూపాయినే ‘గుర్తు పడని అరుదైన నాణెం’ అని అంటగట్టడం చాలా సులువు.

‘తప్పు నాణెం’ ఉంటే లక్షలు వస్తాయన్న ప్రచారం ఇలాంటి అరకొర జ్ఞానం మీదే నడుస్తోంది. పాత నాణేలు, నోట్ల క్రయవిక్రయాల పేరిట కొందరు తన పేరు, లోగో వాడుకుని రుసుములు, కమీషన్లు గుంజుతున్నారని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించింది. టంకశాలలో జరిగిన పొరపాటుకు సేకర్తల దగ్గర విలువ ఉన్నమాట నిజమే. కానీ జనం చేతికి వచ్చే వింత నాణేల్లో ఎక్కువ భాగం సుత్తి, ఆకురాయి, ఆమ్లం, రైలు పట్టాల పుణ్యమే.

తేడా పట్టుకోవాలంటే నాణెం ఎలా తయారవుతుందో తెలియాలి. లోహపు రేకు నుంచి గుండ్రటి బిళ్ళలు కోస్తారు. అంచును నొక్కి కాస్త పైకి లేపుతారు. ఆ బిళ్ళను ఉక్కు కంకణంలో కూర్చోబెట్టి, పైనా కిందా ఉన్న రెండు అచ్చులతో ఒక్క దెబ్బలో బొమ్మా బొరుసూ ముద్రిస్తారు. అచ్చులో లోతుగా చెక్కింది నాణెంపై ఉబ్బెత్తుగా వస్తుంది. ఈ వరుసలో ఏదో ఒక మెట్టులో జరగగలిగిందే టంకశాల తప్పు. ఏ మెట్టులోనూ జరగలేనిది బయట జరిగిందే.

అంచు తెగిన నాణేన్ని చూడండి. బిళ్ళలు కోసేటప్పుడు రేకు సరిగా జరగకపోతే, ముందు కోసిన రంధ్రం మీదకు కత్తెర పడి, చంద్రవంకలా ముక్క పోయిన బిళ్ళ వస్తుంది. ముద్ర పడేది ఆ తర్వాతే. అప్పుడు లోహం ఆ ఖాళీ వైపు పారుతుంది కాబట్టి తెగిన చోటి అక్షరాలు సాగి, క్రమంగా పలచబడతాయి. అంతకన్నా మంచి ఆధారం అవతలి వైపు దొరుకుతుంది. అంచు లేపే యంత్రంలో తెగిన భాగం దగ్గర ఒత్తిడి లేకపోవడంతో సరిగ్గా దానికి ఎదురుగా ఉన్న అంచు కూడా మసకబారుతుంది. ఆకురాయితో అరగదీసిన నాణెంలో అక్షరం కత్తితో కోసినట్టు ఆగిపోతుంది. ఎదుటి అంచు మాత్రం నిక్షేపంగా ఉంటుంది. మోసగాళ్లు సాధారణంగా మరిచిపోయేది ఈ ఎదుటి అంచునే.

ఎక్కువమందిని బోల్తా కొట్టించేది అద్దంలో ప్రతిబింబంలా తిరగబడిన ముద్ర. ముద్రించిన నాణెం బయటికి రాకుండా అచ్చుకు అతుక్కుపోతే, తర్వాతి బిళ్ళపై అదే అచ్చులా పనిచేస్తుంది. ఒక పక్క సరైన బొమ్మ, రెండో పక్క అదే బొమ్మ తిరగబడి లోతుగా పడుతుంది. ఆ పక్కన ఉండాల్సిన అసలు ముద్ర కనిపించదు. రెండు నాణేలను పట్టుకర్రలో బిగించి నొక్కినా తిరగబడిన అక్షరాలు వస్తాయి. కానీ వాటి కింద అసలు ముద్ర చదునై మిగిలే ఉంటుంది, వెనక వైపు కూడా నలుగుతుంది.

రెండు లోహాల పది రూపాయల నాణెంలో పరీక్ష ఇంకా తేలిక. మధ్య బిళ్ళ, బయటి వలయం ముద్ర పడే దెబ్బకే బిగుసుకుంటాయి. అందుకే బిళ్ళ నిజంగా పక్కకు జరిగినా, అతుకును దాటే గీత తెగకుండా సాగుతుంది. ఊడదీసి తిప్పి పెట్టినదైతే గీతలు అతుకు దగ్గర కలవవు. ఇక పది గీతలు, పదిహేను గీతల నాణేల్లో ఏదీ తప్పు కాదు, నకిలీ కాదు. పద్నాలుగు డిజైన్లూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలో స్పష్టం చేసింది.

బరువు తూచడం చాలామంది చేయరు, చేయాల్సిందే. 2011లో వచ్చిన వరుస నాణేల్లో రూపాయి 3.79 గ్రాములు, అయిదు రూపాయలది 6 గ్రాములు, పది రూపాయలది 7.71 గ్రాములు. ఆమ్లంలో ముంచి పలచన చేసిన నాణెం బరువు తగ్గుతుంది, అక్షరాలన్నీ ఒకే తీరున కరిగినట్టు ఉంటాయి. మరో లోహపు బిళ్ళపై ముద్ర పడిందంటే ముందు అయస్కాంతం పెట్టాలి. స్టీలు రూపాయి అంటుకుంటుంది, పాత రాగి–నికెల్ నాణెం అంటుకోదు. రాగి పూత పూసిన స్టీలు నాణెం రంగు మార్చినా అయస్కాంతాన్ని వదలదు.

చిల్లు ఉన్నంత మాత్రాన పాడైన నాణెమూ కాదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1943 నుంచి, రాగి పొదుపు కోసం మధ్యలో పెద్ద రంధ్రంతోనే పైసా ముద్రించారు. దాని రంధ్రం చుట్టూ నక్షీ ఆ ఖాళీని వదిలి అమర్చి ఉంటుంది. మొలతాడుకో మెడలోకో కట్టుకోవడానికి తొలిచిన నాణెంలో రంధ్రం రాజుగారి ముఖం మీదుగానో, అక్షరం మీదుగానో పోతుంది. అంచున తొలిచినప్పుడు లేచిన లోహపు పొరక వేలికి తగులుతుంది.