రామదాసు లెక్కలు

త్యాగరాజస్వామి కృతులను విద్వాంసులు పాడగా విని ఆనందింతుము. రామదాసు కీర్తనలను మనమే పాడుకొందుము. ఆయన మనవంటి సర్కారు ఉద్యోగి. గోలకొండ నేలిన తానీషా (1672-1687) కాలమున కంచర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహశీలుదారు. సర్కారు పైకముతో భద్రాద్రిని ఆలయము కట్టించెనన్న అభియోగముపై చెఱపాలయ్యెను. పండ్రెండేండ్లని ప్రతీతి.

ఆయన ‘ఇక్ష్వాకుకులతిలక’ కీర్తన, నా దృష్టిలో, ఒక ఉద్యోగి సమర్పించిన లెక్కయే. చుట్టు చేయించిన ప్రాకారమున కెంత, సీతమ్మ పతకమున కెంత అని పద్దు వెంబడి పద్దు రాముని యెదుట నుంచి, నిష్ఠురమాడును. భక్తులు దీనిని వేఱుగా విందురేమో. నేను గుమాస్తా కుమారుడను.

మా తండ్రిగారు తాలూకా కచేరీలో పనిచేసెడివారు. 1952లో జమాబందీ నాటికి లెక్కలో 70 రూపాయలు తక్కువ వచ్చెను. తప్పెవరిదో తేలలేదు. తండ్రిగారే చెల్లించిరి. ఆ రాత్రి లాంతరు చెంత కాగితములు కట్టిపెట్టి, ఈ కీర్తననే మెల్లగా పాడిరి. అమ్మ వంటయింటి గడపపై కూర్చుండి వినుచుండెను. పతకము మాట వచ్చినపుడు ఆమె తన బోసిమెడ తడుముకొనుట చూచితిని.