ఓడకు రాగి కవచము

ఓడకు శత్రువు తుపాను మాత్రమే కాదు. ప్రశాంతమైన రేవులో లంగరు వేసి నిలిచియున్న ఓడను గూడ సముద్రము రేయింబవళ్లు తినుచునే యుండును. కొయ్యను పురుగు తొలుచును. లోహమును ఉప్పునీరు కరగించును. ఈ రెండవ వ్యాధికి నిదానము తెలిసికొని మందు కనుగొనుటకు ఇంగ్లండులో అరువది సంవత్సరములకు పైగా పట్టెను.

పదునెనిమిదవ శతాబ్దిలో ఇంగ్లీషువారి యుద్ధనౌకలు కొయ్యతో కట్టినవి. వెచ్చని సముద్రములకు పోయిన ఓడల అడుగుపలకలను ఓడపురుగు జల్లెడవలె తొలిచివేయుచుండెను. నాచు, గుల్లలు పట్టి ఓడల వేగము తగ్గుచుండెను. 1761లో 'అలారం' అను 32 ఫిరంగుల నౌకకు పరీక్షార్థము అడుగుభాగమున పలుచని రాగిరేకులు తొడిగి వెస్టిండీసునకు పంపిరి. అది తిరిగివచ్చిన పిమ్మట, 1763లో పరిశీలించి చూడగా, పలకలను పురుగు ముట్టలేదు. రాగి తన పని తాను చేసినది. కాని రాగిని తాకియున్న ఇనుప మేకులు తుప్పుపట్టి నశించియుండెను. కొన్ని మేకులు మాత్రము చెక్కు చెదరలేదు. ఈ భేదమునకు కారణమేమి? రాగిరేకులను చుట్టి తెచ్చిన గోధుమవన్నె కాగితమును పనివారు కొన్నిచోట్ల తీసివేయలేదు. ఆ కాగితము ఇనుమునకును రాగికిని నడుమ అడ్డు నిలిచిన చోట మేకు బ్రతికెను!

ఈ రెండు లోహములు తాకరాదని అప్పుడే తెలిసినది. ఏల తాకరాదో తెలియలేదు. కారణ మెఱుగని నిషేధమును మనుష్యులు సులభముగా సడలింతురు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధము ముదిరిన వేళ ఇంగ్లండు తన నౌకాదళమునంతను త్వరత్వరగా రాగితో కప్పించెను. నడుమ కాగితము, పూతలు ఉంచిన చాలునని తలచిరి. ఆ నమ్మకము నిలువలేదు. పైకి నిగనిగలాడు తొడుగుల మాటున ఇనుప చీలలు సన్నగిల్లుచు వచ్చెను. చీల తెగిన పలక విడును. నడిసముద్రమున పలక విడిన వందలకొలది నావికుల ప్రాణములకే ముప్పు. 1783 తరువాత గట్టిపఱచిన రాగిమిశ్రమపు చీలలు వాడుకలోనికి వచ్చిన పిమ్మటనే ఆ భయము తగ్గెను.

1800లో ఇటలీ శాస్త్రజ్ఞుడు ఓల్టా విద్యుత్ఘటమును ప్రకటించెను. వేఱువేఱు లోహములు రెండు ఒకదాని నొకటి తాకి ఉప్పునీట నుండెనేని అందు విద్యుత్తు పాఱును. వానిలో ఒకటి కరగును, రెండవది రక్షింపబడును. ఇనుము రాగిని తాకినప్పుడు కరగునది ఇనుము. ఈ సూత్రమునే తిరుగవేసి మందుగా మార్చిన మేధావి సర్ హంఫ్రీ డేవీ. రాగి తొడుగులు త్వరగా అరిగిపోవుచున్నవని నౌకాశాఖవారు రాయల్ సొసైటీ సలహా కోరిరి. బఠాణీగింజంత తుత్తునాగపు ముక్కయో, ఇనుప మేకు మొనయో నలుబది, ఏబది చదరపుటంగుళముల రాగిని కాపాడగలదని 1824లో డేవీ నిరూపించెను. చిన్న లోహము తాను కరగి పెద్దదానిని కాచునన్న మాట.

మన కొచ్చిన్ రేవులో టేకుతో నిర్మింపబడి 1822లో జలప్రవేశము చేసిన 'సమరంగ్' నౌక ఈ పరీక్షకు ఎన్నికైన వానిలో ఒకటి. దాని అడుగున ఇనుప రక్షకములు అమర్చి అట్లాంటిక్ దాటించిరి. రాగి అరుగుదల నిజముగనే తగ్గెను. శాస్త్రము గెలిచెను. కాని ఓడ ఓడెను! రక్షకములు పెట్టిన ఓడలకు, అందును రేవులో కదలక నిలిచియున్న వానికి, నాచును గుల్లలును దట్టముగా పట్టినవి. రాగి కొంచెము కొంచెముగా కరగి నీట కలియుటవలననే, ఆ విషమునకు వెఱచి జీవులు దరిచేరకుండెను. కరగుట మాన్పగానే రాగి గుణమును మాసెను. నౌకాశాఖవారు రక్షకములను క్రమముగా తీసివేయించిరి. డేవీకి ఇది గొప్ప ఆశాభంగము; 1829లో ఆయన మరణించెను.

ఆయన సూత్రము మాత్రము నశింపలేదు. కొయ్య పోయి ఇనుప, ఉక్కు ఓడలు వచ్చిన పిమ్మట ఆ చికిత్సయే వానికి ప్రాణరక్షణ మైనది. నేడు రేవులలో కట్టియున్న చిన్న తెరచాప పడవల అడుగున సైతము, మరచక్రపు ఇరుసున కొక తుత్తునాగపు దిమ్మ యుండును. అది సగము కరగినంతనే మార్చవలెను. దానిపై రంగు పూయరాదు. అది బొత్తిగా కరగకున్న సంతోషింపరాదు. అది లోహమును సరిగా తాకుట లేదేమో యని అనుమానింపవలెను. ఇత్తడి భాగము పసుపువన్నె కోల్పోయి ఎఱ్ఱబాఱినచో అందలి తుత్తునాగము కరగిపోవుచున్నదని గుర్తు. ఒడ్డునుండి విద్యుత్తు తీసికొను పడవకు భూమితీగ మూలమున పొరుగు పడవలతో సంబంధ మేర్పడును. అప్పుడు మన దిమ్మ పరుల పడవను కాచుచు కరగిపోవచ్చును.

'అలారం' మేకును బ్రతికించినది ఒక చుట్టుకాగితము. డేవీ మందును ఓడించినది ఒక గుల్ల. చికిత్స రోగమును మాన్పిన చాలదు, రోగికిని మేలు చేయవలెను. ఈ మాట ఓడల విషయమున సముద్రము నేర్పిన పాఠము.