చక్కెరను మోసిన మాట

బోధను ప్రాంతమున పుట్టి పెరిగినవారికి చెరకును గూర్చి చెప్ప బనిలేదు. కాని చెరకువంటి మొక్కల గుణమును తెలుపు ఆంగ్లపదము ‘సాకరిఫెరస్’ అనునది ఆంగ్లేయులలోనే పలువురెరుగరు. ‘చక్కెర గలది, చక్కెర నిచ్చునది’ అని దాని యర్థము. ఇందు రెండు లాటిను మాటలు కలవు. ‘సక్కరుం’ అనగా చక్కెర; ‘ఫెర్రే’ అనగా మోయుట.

మొదటి మాట లాటినువారి సొంతము కాదు. సంస్కృతమున ‘శర్కర’ యనగా గులకరాయి, ఇసుకరేణువు. చెరకురసము కాచగా నేర్పడు పలుకులు అట్లే యుండుటచే వానికిని ఆ పేరు వచ్చినది. అదియే పాళీలో ‘సక్ఖరా’ యయి, వర్తకుల వెంట పడమటికేగి, గ్రీకున ‘సక్ఖరోన్’, లాటినున ‘సక్కరుం’ అయినది. క్రీ.శ. మొదటి శతాబ్దమున రోమను పండితుడు ప్లినీ దీనిని రెల్లునుండి తీసిన తేనె యనియు, భారతదేశపుది మేలైనదనియు, మందునకు మాత్రమే వాడుదురనియు వ్రాసెను. 1753లో లిన్నేయసు చెరకునకు ‘సక్కరుం అఫిసినారుం’ అని శాస్త్రనామ మిడెను. ఆ శర్కరయే పారసీకమున ‘శకర్’, ఉర్దూలో ‘శక్కర్’, తెలుగున ‘చక్కెర’ అయినది. కావున మన శక్కర్‌నగర్ పేరును, లాటిను ‘సక్కరుం’ను తోబుట్టువులు.

‘ఫెర్రే’ కథ వేరు. అది అరువు కాదు, చుట్టరికము. సంస్కృతము, గ్రీకు, లాటిను ఒకే మూలమునుండి పుట్టియుండునని 1786లో కలకత్తాలో విలియం జోన్సు చెప్పెను. సంస్కృతమున మాట మొదట ‘భ’ యున్నచోట లాటినున తరచుగా ‘ఫ’ కనబడును. భ్రాత యనునది అచట ‘ఫ్రాటెర్’. ‘భరతి’, అనగా మోయుచున్నాడు, అచట ‘ఫెర్త్’. భారము, భరణము, భృతి ఆ ధాతువు బిడ్డలే. తెలుగు వేరొక కుటుంబపు భాష యని 1816లో ఎల్లిసు చూపెను. ఈ మాటలు మనకు సంస్కృతమునుండి చేరినవి. రెండు మాటలు ఒకే తీరున నున్నంత మాత్రమున ఒకే దారిన వచ్చినవనరాదు. ఒకటి బేరముతో వచ్చును, మరియొకటి రక్తసంబంధముతో వచ్చును. ఈ యొక్క పదమున రెండు దారులును కలిసినవి.

భరించుట యనగా మనకు మోయుటయు, ఓర్చుటయు గూడ. 1923లో మంజీరపై మొదలై 1931లో ముగిసిన నిజాంసాగరు నీరు ఈ నేలకు చెరకును భరించు శక్తి నిచ్చినది. 1937లో స్థాపితమైన నిజాం చక్కెర కర్మాగారమును రైతులు, కార్మికులు తమ భుజములపై మోసిరి. 2015లో అది మూతపడగా ఆ కష్టమును భరించినవారును వారే.

యంత్రము నిలిచినను పేరు నిలిచియున్నది. శక్కర్‌నగర్ అని పలుకు మన బాలురకు, ఆ పేరుతోడి మాట రెండువేల యేండ్లనాడే రోము చేరినదని తెలియవలెను. అది తెలుపుటకే గదా ఊరికొక గ్రంథాలయము!