ఉప్పెన ఊళ్లో ఒక జాతీయ కళాశాల

దీపావళి వెళ్లాక బందరులో (మచిలీపట్నంలో) పెద్దవాళ్లు ఆకాశం వైపు ఒకటికి రెండుసార్లు చూస్తారు. 1864 నవంబరు 1 రాత్రి ఊరిని ముంచిన ఉప్పెన, 1977 నవంబరు 19న దివిసీమను ఊడ్చేసిన ఉప్పెన, రెండూ కార్తీక శుద్ధంలోనే వచ్చాయి. ఒక పక్క శివాలయాల్లో దీపాలు, మంగినపూడిలో సముద్ర స్నానాలు, ఇంకో పక్క ఓడరేవులో ప్రమాద సూచిక నంబరు ఎంతకు పెరిగిందోనన్న వాకబు. ఈ రెండింటి మధ్యే మా ఊరి కార్తీకం గడుస్తుంది. ఆంధ్ర జాతీయ కళాశాల చరిత్ర రాయమని ఉత్సవ సంచిక సంపాదకులు అడిగినప్పుడు, 1910తో మొదలుపెట్టడం నాకు సరిగ్గా అనిపించలేదు. ఆ కళాశాల ఎలాంటి ఊళ్లో పుట్టిందో తెలియాలంటే అంతకు 46 ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

1864 నాటికే బందరు పాత వైభవం చాలావరకు పోయింది. గోల్కొండ సుల్తానుల కాలంలో ఇది తూర్పు తీరానికి పెద్ద రేవు. 1611లో ఇంగ్లీషు వర్తకులు ఇక్కడ దిగి కోఠీ పెట్టారు. డచ్చివాళ్లు, ఫ్రెంచివాళ్లు కూడా వచ్చారు. వాళ్లు వెళ్లిపోయినా ఇంగ్లీషుపాలెం, పరాసుపేట, వలందపాలెం అనే పేర్లు మిగిలాయి. ఊరు మాత్రం పల్లం. కృష్ణ డెల్టా నీళ్లన్నీ సముద్రంలోకి జారే చోట, బురద నేలల అంచున ఉంది. పైనుంచి వచ్చే నీరు కాలువలు దిగేలోపు సముద్రం పోటు మీదుంటే అది వెనక్కి తన్నుతుంది. 1864 ఉప్పెన రాత్రి వెన్నెల కూడా లేదు. అమావాస్య పోటు ఇంకా తగ్గలేదు. మామూలు పోటు మట్టానికి 13 అడుగుల ఎత్తున లేచిన నీరు ఊరి మీద పడింది. ఊళ్లోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ సుమారు 30,000 మంది పోయారు. చెరువులు, బావులు ఉప్పుతో నిండిపోయాయి. రేవు వర్తకం తర్వాత మళ్లీ ఆ స్థాయిలో లేవలేదు.

ఓడలు పోయిన ఊరికి చదువు మిగిలింది. రాబర్ట్ నోబుల్ దొర 1843లో పెట్టిన బడి, ఆయన పేరుతోనే నోబుల్ కళాశాల అయింది. అక్కడ పాఠం చెప్పిన రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు విద్యార్థుల్లో సంస్కరణ దృష్టిని, నిష్ఠను నాటారు. ఆయన శిష్యుల్లో ముట్నూరి కృష్ణారావు గారు ఒకరు. 1902లో బందరులో మొదలైన కృష్ణాపత్రికకు 1907లో సంపాదకులైన ముట్నూరి గారు, 1945లో కన్నుమూసేదాకా ఆ కుర్చీ వదల్లేదు. అదే 1907లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్రదేశంలో పర్యటిస్తూ బందరు వచ్చారు. సొంత బడులు పెట్టుకోవాలన్న మాట అప్పుడు ఊళ్లో గట్టిగా నాటుకుంది. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య గార్లు ముగ్గురూ కలిసి ఆ మాటను 1910లో ఆంధ్ర జాతీయ కళాశాలగా నిలబెట్టారు.

ఈ ముగ్గురిలో ఇద్దరి పేర్లు దేశానికి తెలుసు. కోపల్లె వారి పేరు బందరు దాటితే వినిపించదు. నాకు ఇది ఎప్పుడూ బాధగానే ఉంటుంది. ఎం.ఏ., బి.ఎల్. చదివిన మనిషి. న్యాయవాదిగా కూర్చుంటే ఆ రోజుల్లో డబ్బుకు, గౌరవానికి లోటుండేది కాదు. ఆయన ప్లీడరీ జోలికి పోలేదు. కళాశాలనే సంసారంగా చేసుకున్నారు. విరాళాల కోసం ఊళ్లు తిరిగారు, గడప గడపా ఎక్కారు. 1922లో నలభై దాటీ దాటక ముందే పోయారు. పట్టాభి గారు రాసేవారు, ముట్నూరి వారు ఆలోచన ఇచ్చేవారు. కానీ రోజూ పొద్దున్నే బడి తలుపు తెరిపించి, జీతాల లెక్క చూసి, సరుకు లేదంటే తెప్పించే మనిషి ఒకడు కావాలి కదా. ఆ పనికి కోపల్లె వారు తన ఆయుష్షు పోశారు.

ఆ బడిలో పుస్తకం చదివే పిల్లవాడు చేత్తో పనీ నేర్చుకోవాలి. అప్పటి సర్కారు చదువు గుమాస్తాలను తయారుచేస్తుంటే, ఇక్కడ చదువు పక్కనే చేతిపనికి, కళకు చోటిచ్చారు. ఇది బందరులోనే పుట్టడంలో న్యాయం ఉందని నా నమ్మకం. ఈ ఊరి పేరు సముద్రాలు దాటింది ఊరి చేతిపనివాళ్ల వల్ల. బందరు అద్దకాలే దానికి సాక్ష్యం. కరక్కాయ నీళ్లలో, పాలలో తడిపిన గుడ్డ మీద టేకు అచ్చులతో అద్దడం, తుప్పు ఇనుము, బెల్లం నానబెట్టి నలుపు తీయడం, పటిక అద్దిన చోటే ఎరుపు పట్టేలా చిరివేరుతో ఉడకబెట్టడం తరతరాల విద్య. మిల్లు గుడ్డ వచ్చాక ఆ ఇళ్లలో పొయ్యి వెలగడం కష్టమైంది. అలాంటి ఊళ్లో, చేతిపని చదువుకున్నవాడికి తగనిది కాదని ఒక కళాశాల చెప్పడం మామూలు సంగతి కాదు.

చిత్రలేఖనానికి బెంగాల్ నుంచి ప్రమోద్ కుమార్ చటర్జీ వచ్చారు. ఆయన దగ్గర కుంచె పట్టినవారిలో అడివి బాపిరాజు గారున్నారు. తర్వాత బాపిరాజు గారే ఈ కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. పాట, బొమ్మ, కథ మూడూ తెలిసిన ఆ ప్రిన్సిపాల్ దగ్గర చదివిన పిల్లల అదృష్టాన్ని తలుచుకుంటే ఇప్పటికీ అసూయ వేస్తుంది. భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య గారు ఇక్కడ పనిచేశారు. 1921లో జాతీయ జెండా గురించి గాంధీజీ యంగ్ ఇండియాలో రాస్తూ, వెంకయ్య గారిని మచిలీపట్నం జాతీయ కళాశాల మనిషిగానే పరిచయం చేశారు. మన జెండా చరిత్రలో మా కళాశాల పేరు అలా చేరింది.

కళాశాల ఒంటరిగా నిలవలేదు. చుట్టూ ఊరు కళకళలాడేది. చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి గారు బందరు బడిలో పంతులు. విశ్వనాథ సత్యనారాయణ, పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వేంకటేశ్వరరావు గార్లు ఆయన శిష్యులు. సాయంత్రమైతే కృష్ణాపత్రిక కార్యాలయంలో ముట్నూరి వారి దర్బారు. కవులు, గాయకులు, రాజకీయం మాట్లాడేవాళ్లు, ఊరికే వినడానికి వచ్చేవాళ్లు అందరికీ అక్కడ చోటు. పట్టాభి గారు 1923లో ఆంధ్రా బ్యాంకును ఈ ఊళ్లోనే ప్రారంభించారు. ఒక పత్రిక, ఒక కళాశాల, ఒక బ్యాంకు: ఊరి మాట, ఊరి చదువు, ఊరి డబ్బు ఊరి చేతిలోనే ఉండాలన్న పట్టుదల మూడింటిలోనూ కనిపిస్తుంది. రేవు పోగొట్టుకున్న ఊరు అరవై ఏళ్లలోపే ఇంత చేసింది.

1977 ఉప్పెన దివిసీమను పట్టినప్పుడు ఊరి ఆస్తి ఏమిటో మళ్లీ తెలిసింది. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ వైపు వేలమంది పోయారు. బతికినవాళ్లకు తిండి, గుడ్డ, ఉండే చోటు కావాల్సి వచ్చింది. విపత్తు వచ్చినప్పుడు ఇక్కడి జనం మొదట చూసేది గట్టి గోడ, పై అంతస్తు ఉన్న బడి వైపే. ఆ తర్వాత తీరం పొడవునా తుపాను రక్షణ కేంద్రాలు కట్టారు. బందరుకు తుపానును కనిపెట్టే రాడార్ వచ్చింది. కబురు ముందే అందడంతో ఇప్పుడు ప్రాణనష్టం బాగా తగ్గింది. బతుకుదెరువు నష్టం మాత్రం అలాగే ఉంది. అద్దకం ఉతకడానికి పారే మంచినీరు, ఆరబెట్టడానికి ఎండ కావాలి. తుపాను పట్టిన వారంలో పక్కనున్న పెడన అద్దకాలవాళ్లకు రెండూ ఉండవు. గిలకలదిండి చేపల పడవలు ఒడ్డునే ఉంటాయి. ఆ రోజుల కూలి ఎవరూ లెక్కగట్టరు.

ఇప్పుడు బందరుకు కొత్త ఓడరేవు పని జరుగుతోంది. ఊరికి మళ్లీ ఓడలొస్తాయన్న ఆశ నాకూ ఉంది. అదే వేగంతో మురుగు కాలువల పూడిక తీయాలి, తీరం వెంట మడ అడవులను కాపాడాలి. రేవు కోసం నేల మెరక చేసే కొద్దీ పక్క పేటల నీరు ఎటు పోతుందో ముందే చూసుకోవాలి.

కళాశాల వరకు నాదొక విన్నపం ఉంది. పాత రిజిస్టర్లు, విద్యార్థులు గీసిన బొమ్మలు, ఉత్తరాలు, ఫోటోలు ఎవరెవరి ఇళ్లలో అటకల మీద ఉన్నాయో వాటినన్నింటినీ ఈ ఉత్సవ సంవత్సరంలోనే సేకరించాలి. స్కాన్ చేసి ఒక ప్రతి వేరే ఊళ్లో భద్రపరచాలి. అసలు ప్రతులను కళాశాల పై అంతస్తులో, నీరు ఎక్కని గదిలో పెట్టాలి. ఆ గదికి కోపల్లె హనుమంతరావు గారి పేరు పెట్టాలి.